పట్టపగటి చుక్క

యూసుఫ్‌గూడ,
11 ఫిబ్రవరి 2026, బుధవారం.

ప్రియమైన అనుపమకు,

ఇవాంజెలిన్ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ అమ్మా నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. బెంగళూరులో నువ్వు, రిషి అన్న, మీ అమ్మ చిలకమ్మ అత్తమ్మ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. రిషి అన్నతో నీ పెళ్లి ఫోటోలు ఎవరో పంపితే చూశాను. అత్తమ్మ కొంచెం చిక్కినట్టు కనబడింది. అడిగానని చెప్పు.

ఆరేళ్లు మాట్లాడని మనిషి ఇప్పుడు కాగితం మీద ఎందుకు రాస్తోందని అనుకుంటావు. ఫోన్ చేద్దామని నీ నంబర్ తీసి చాలాసార్లు చూశాను. ఫోన్లో అయితే రెండో మాటకే ఎవరో ఒకరం గొంతు పెంచుతాం, లేకపోతే ఇద్దరం మాటలు దొరక్క ఊరుకుంటాం. రెండూ వద్దనిపించింది. మా ఆఫీసు యజమాని కేదార్ అన్న రేపు సాయంత్రం బెంగళూరు బస్సు ఎక్కుతున్నాడు. ఎల్లుండి మధ్యాహ్నం మీ ఆఫీసులో మీటింగ్ అని నీకు తెలుసు. ఆ ఉదయమే నిన్ను కలిసి ఈ కవరు నీ చేతిలో పెట్టమని చెప్పాను. మీటింగ్‌కి వెళ్లకముందే పూర్తిగా చదువు. అది ఒక్కటే నా కోరిక.

ముందు ఇక్కడి సంగతులు. అమ్మ నర్సు ఉద్యోగం నుంచి రిటైరయింది కానీ ఇంట్లో కూర్చోలేదు. చర్చి స్త్రీల సమాజంలో ఎవరికి బీపీ ఉన్నా మిషన్ పట్టుకుని వెళ్తుంది. నేను చేసే పని ఆమెకి ఇప్పటికీ వింతే. మొన్న మా పాస్టర్‌గారితో నా ముందే అంది: "మందికి కష్టమొస్తే పట్టపగలు చుక్కలు కనబడ్తయి. మా బిడ్డ అవి చూసేటందుకే నౌకరి చేస్తున్నది అయ్యగారూ." ఆయన నవ్వలేక నవ్వాడు.

అమ్మ అన్నది నిజమే. అమీర్‌పేటలో నేను పైథాన్ క్లాసులు చెప్పుకుంటున్నప్పుడు కేదార్ అన్న మా ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాడు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల వెంట టెలిస్కోపును తిప్పే ప్రోగ్రాం రాసేవాళ్లు కావాలన్నాడు. నేను మొదటి రోజే చెప్పేశాను, నాకు రేచీకటి ఉంది, పొద్దుగూకితే మీకు పనికిరానని. ఇంకోసారి ఆ సంగతి వేరేవాళ్ల నోట రాకూడదనుకున్నాను. ఆయన, "మరి పగలు చూడలేమా?" అని అడిగాడు. తెలియక అడిగాడో, నన్ను ఊరుకోబెట్టడానికి అడిగాడో నాకు తెలియదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

నీకు ఉపగ్రహాలు తయారు చేయడం తెలుసు, వాటిని కింద నుంచి చూడటం కొత్త కావచ్చు. అందుకే కొంచెం చెప్తాను. చుక్కలు పగలు ఎక్కడికీ పోవు. వాటి వెలుగు వస్తూనే ఉంటుంది. ఆకాశమే ఎక్కువ వెలిగి వాటిని ముంచేస్తుంది. ఆ ఆకాశం వెలుగులో ఎక్కువ భాగం నీలం. నీలాన్ని ఆపేసి, ఎరుపు అవతల కంటికి ఆనని వెలుగును మాత్రం లోపలికి రానిచ్చే గాజు ఒకటి కెమెరా ముందు పెడతాం. అప్పుడు తెర మీద ఆకాశం నల్లబడుతుంది. అందులో చిన్న చుక్క. మొదటిసారి శుక్రుణ్ణి అలా పన్నెండు గంటల ఎండలో చూసిన రోజు నేను టెర్రస్ మీదే కూర్చుండిపోయాను. చిన్నప్పటి నుంచి అందరూ పైకి వేలు చూపించి "అదిగో" అనేవాళ్లు. నేను కూడా కనబడినట్టు తలూపేదాన్ని. తలూపకుండా చూసింది అదే మొదలు.

మా ఆఫీసు పంజాగుట్టలో, ఆస్పత్రుల వెనక వీధిలో, పై అంతస్తు. టెర్రస్ మీద కప్పు పక్కకి జరిగే తెల్ల గది ఉంటుంది. టెలిస్కోప్ అందులో. పక్క బిల్డింగ్ ఏసీల వేడిగాలి మా మీదికే వస్తుంది, కింద ఫ్లైఓవర్ మీద బస్సు గట్టిగా బ్రేకేస్తే తెర మీద చుక్క వణుకుతుంది. గద్దలు అడ్డం వస్తాయి. అయినా పని జరుగుతుంది. నాతో హైందవి అని భీమవరం అమ్మాయి చేస్తుంది. చురుకైనది. టెలిస్కోపును సూర్యుడి వైపు పొరపాటున కూడా తిరగనివ్వకుండా చూడటం ఆమె బాధ్యత.

జనవరి మొదట్లో కేదార్ అన్న కొత్త పని తెచ్చాడు. చెరువుల్లో నీళ్లు కొలవడానికి ఎగిరిన ఉపగ్రహం. దాని నుంచి పొడుగాటి చేయి ఒకటి విచ్చుకుని, ఆ చేతి చివర ఉన్న వలలాంటి గొడుగు కిందికి తెరుచుకోవాలట. తెరుచుకుందని చేతి దగ్గరున్న సెన్సర్ చెబుతోందట, కొలతలు మాత్రం రావడం లేదట. చేయి చేసినవాళ్లు చేయి బాగుందంటున్నారు, రేడియో వాళ్లు చేయే తెరుచుకోలేదంటున్నారు. బయటివాళ్లెవరైనా కళ్లతో చూసి చెప్పండి అని మన దగ్గరికి వచ్చారు, అన్నాడు. ఆ ఉపగ్రహం ఎప్పుడూ మిట్టమధ్యాహ్నానికీ అర్ధరాత్రికీ మన మీదుగా వెళ్తుంది. అర్ధరాత్రి అది భూమి నీడలో ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు. సాయంత్రం చూసేవాళ్లకి అది దొరకదు. పగలు చూసేవాళ్లం మేమే.

కాగితాల్లో కంపెనీ తరఫున మాట్లాడాల్సిన వాళ్ల పేర్లున్నాయి. మొదటి పేరు నీది. పక్కన "చేయి విభాగం" అని ఉంది.

నేను కేదార్ అన్నకి వెంటనే చెప్పాను, ఈమె నా స్నేహితురాలు, ఇప్పుడు మాటల్లేవు, నేను చేయొచ్చా అని. ఆయన, "ఇవా, గింత చిన్న లైన్‌ల తెలవనోళ్లు ఎవరుంటరు? నువ్వు కాకుంటే ఇంకెవరు చేస్తరు? జర నిదానంగ చెయ్" అన్నాడు.

ఆ రోజు మెట్రో ఎక్కకుండా అమీర్‌పేట దాకా నడిచాను. ఇంకా ఎండ ఉంది. మన హాస్టల్ సందులోకి వెళ్లాను. కింద జిరాక్స్ షాపు పోయి జ్యూస్ షాపు వచ్చింది. సాయంత్రం బ్యాచ్ అయ్యాక నువ్వు నా మణికట్టు పట్టుకుని ఆ సందులోంచి నడిపించేదానివి. ఎక్కువ మాట్లాడేదానివి కాదు. "గుంత" అనేదానివి. "మెట్టు" అనేదానివి. "బండి" అనేదానివి. అది సాయం అని నాకెప్పుడూ అనిపించలేదు. ఇద్దరం కలిసి ఇంటికి పోతున్నాం, అంతే అనిపించేది.

అందుకే కొండమీది అబ్జర్వేటరీ వాళ్లు ఇచ్చిన ఉద్యోగం వెనక్కి తీసుకున్నప్పుడు నాకు అంత దెబ్బ తగిలింది. ఎందుకని అడిగితే అక్కడి అధికారి దాచలేదు. మీ స్నేహితురాలు ఫోన్ చేసింది, డోమ్ చుట్టూ ఉన్న ఇనప మెట్లకు రెయిలింగ్ లేదు కదా, ఆమెకు చీకట్లో కనబడదు, పడిపోతుంది అని చెప్పింది అన్నాడు. నువ్వు చెప్పింది అబద్ధం కాదు. నన్ను చంపాలని చెప్పలేదు, బతకాలనే చెప్పావు. అదంతా అప్పుడే తెలుసు నాకు. కానీ ఆ ఉద్యోగం వచ్చిందని స్వీట్లు తెచ్చింది నువ్వే అనూ. నా ముందు కూర్చుని లడ్డూ సగం చేసి నా చేతిలో పెట్టి, నాతో ఒక్క మాట అనకుండా వాళ్లకి ఫోన్ చేశావు. నేను గది ఖాళీ చేసి వెళ్లిపోయింది అందుకు.

ఇప్పుడు మళ్లీ పనిలోకి వస్తాను.

మొదటి పాసులో, అంటే ఉపగ్రహం మా మీదుగా మొదటిసారి దాటినప్పుడు, ఏమీ కనబడలేదు. ఉపగ్రహం ఉత్తరాన అమీర్‌పేట కప్పుల మీదుగా వస్తుంది. లెక్క ప్రకారం టెలిస్కోప్ దాని వెంటే తిరిగింది. తెర మీద నల్లటి ఆకాశం తప్ప ఏం లేదు. రెండోసారీ అంతే. మూడోసారి మబ్బు. ఆ పాసు కూడా పోయాక కేదార్ అన్న, "దొరకలేదని రాసిద్దాం. మన ఫికర్ మనకు సాలు" అన్నాడు. హైందవి కూడా, "ఏంటక్కా, లేనిదాన్ని ఎక్కడని వెతుకుతాం?" అంది.

నేను ఒప్పుకోలేదు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఆ తేడాతోనే నేను పుట్టాను. సాయంత్రం మా వీధిలో నాకు మెట్టు కనబడదు, కానీ మెట్టు ఉంటుంది, నా మోకాలికి తెలుసు. మా కన్ను బాగుందని తేలకుండా "అక్కడ ఏం లేదు" అని రాయడానికి నాకు చేతులు రాలేదు.

తర్వాతి పాసుకి ముందు కప్పు జరిపి టెలిస్కోప్ మీద చేయి వేశాను. పొద్దున చల్లగా ఉన్న గొట్టం అప్పటికి వేడెక్కి ఉంది. అప్పుడు తట్టింది. మేం ఫోకస్ పొద్దున్నే సరిచేసి పెట్టుకుంటున్నాం. మధ్యాహ్నానికి లోహం సాగి ఫోకస్ జారిపోతోంది. మామూలు చుక్కయితే కొంచెం మసకబారి కనబడుతుంది. ఇంత చిన్న చుక్క మసకబారితే పగటి వెలుగులో కరిగిపోతుంది. ఉపగ్రహం మా ముందు నుంచే పోయింది, మేమే దాన్ని పొగ చేసేశాం.

పాసుకి కొద్ది నిమిషాల ముందు ఏదైనా నక్షత్రం మీద ఫోకస్ సరిచేసుకోవాలి. ఆ వేళకి అభిజిత్ వాయవ్యాన, మా యూసుఫ్‌గూడ మీదే ఉంటుంది. అభిజిత్ ముహూర్తం అంటే మిట్టమధ్యాహ్నం అని అత్తమ్మ ఏదో పనికి మంచి వేళ చూస్తూ చెప్పేది గుర్తుందా? నిజంగానే మధ్యాహ్నం ఆ చుక్కను పట్టుకుని, సూదిమొనలాగా అయ్యేదాకా సరిచేసి, అక్కడి నుంచి టెలిస్కోపును నీ ఉపగ్రహం వచ్చే దారికి తిప్పాం.

వచ్చింది. తెర అంచు నుంచి మెల్లగా మధ్యలోకి వచ్చి నిలబడింది. దాని వెనక అంతా జారిపోతుంటే అది మాత్రం కదలకుండా ఉంది. హైందవి కుర్చీలోంచి లేచింది. నేను లేవలేదు. అది నీ చేతులతో బిగించిందని, ఏ స్క్రూ దగ్గరో నువ్వు కాసేపు ఆగి ఉంటావని అనుకుంటూ చూశాను. ఆరేళ్లలో నీకు అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

కానీ చుక్క కనబడితే చాలదు. చేయి విచ్చుకుందా లేదా అన్నది చెప్పాలి. మీవాళ్లు పంపిన లెక్క ప్రకారం, చేయి విచ్చుకుని ఉంటే, ఉపగ్రహం ఒక చోటికి వచ్చేసరికి చేతి చివరి గొడుగు మీద ఎండ పడి మా వైపు ఒక్కసారి మెరవాలి. పళ్లెం ఎండలో తిప్పితే గోడ మీద వెలుగు పడ్డట్టు. ఆ మెరుపు మా కెమెరాకి అందుతుందా అన్నది ముందు తేల్చుకోవాలనుకున్నాను. అందుకని ఎప్పుడు మెరుస్తుందో బాగా తెలిసిన పాత ఉపగ్రహాన్ని ఒకదాన్ని పట్టుకున్నాం. చెప్పిన చోట, చెప్పిన క్షణాన మెరిసింది. హైందవి చప్పట్లు కొట్టింది. నాకు సంతోషం కలగలేదు. ఇక మా కన్ను మీద నెపం వేసే దారి లేదు. మేం ఏది చూస్తే అదే నిజం.

పోయిన వారం మూడు మంచి పాసులు వచ్చాయి. ఆకాశం కడిగినట్టు ఉంది. మూడింటిలోనూ మీ ఉపగ్రహాన్ని మొదటి నుంచి చివరి దాకా చూశాం. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. అమ్మ రెండుసార్లు పిలిచి ఊరుకుంది. మూడోసారి వచ్చి నా ముందు కంచం పెట్టి, "ఎవరి గురించి రాస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. అనుపమ గురించి అన్నాను. అమ్మ కూర వడ్డించి నా పక్కనే కూర్చుంది.

ఈ ఉత్తరంలో నేను చెప్పాల్సిన మాటకి చుట్టూ తిరుగుతున్నానని నీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. నీకు ఎప్పుడూ తెలిసిపోయేది. ఆరోగ్యం చూసుకో. అత్తమ్మ మోకాళ్ల నొప్పులకి అమ్మ ఏదో నూనె పంపుతోంది, అది కూడా కేదార్ అన్న సంచిలోనే ఉంది.

నీ మీద కోపం పూర్తిగా పోయిందని రాయలేను. నువ్వంటే ఇష్టం తగ్గిందనీ రాయలేను.

నీ
ఇవాంజెలిన్

తా.క. మెరుపు రాలేదు అనూ. మూడు పాసుల్లో ఒక్కదానిలోనూ రాలేదు. చుక్క స్పష్టంగా ఉంది, మెరవాల్సిన చోటికి వచ్చింది, అలాగే దాటిపోయింది. చేయి విచ్చుకోలేదు. సెన్సర్ తప్పు చెబుతోంది. ఈ మాట పైనే రాయాలని రెండు కాగితాలు పాడుచేశాను, చేతకాలేదు.

కేదార్ అన్న నన్ను బలవంతం చేయలేదు కానీ, "ఖచ్చితంగ చెప్పలేమని రాసినా నడుస్తది ఇవా, ఎవ్వలకు దెబ్బ తగలదు" అన్నాడు. ఒక పూటంతా ఆ వాక్యం తెర మీద పెట్టుకుని చూశాను. మర్యాదగానే ఉంది. కానీ అదే చేతిని రెండో ఉపగ్రహానికి బిగిస్తున్నారని మీవాళ్ల కాగితాల్లోనే ఉంది. నేను మెత్తగా రాస్తే అది కూడా ముడుచుకునే పైకి పోతుంది. వాక్యం తీసేసి, చేయి తెరుచుకోలేదని రాసి, కింద నా పేరు పెట్టాను. ఆ పేరు టైపు చేస్తున్నప్పుడు, ఆ రోజు అబ్జర్వేటరీ నంబర్ నొక్కేముందు నువ్వు ఎంతసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నావో అని మొదటిసారి ఆలోచించాను.

నువ్వు నాకు ముందు చెప్పలేదు. అది నాకు ఎలా ఉండిందో తెలుసు కాబట్టి నేను నీకు ముందు చెప్తున్నాను. కేదార్ అన్నని అడిగే చెప్తున్నాను. నువ్వు ఈ పనిలో మీ కంపెనీ మనిషివే, తప్పేం లేదన్నాడు.

ఇంకొకటి, ఇది రిపోర్టులో లేదు. మీరు పంపిన బొమ్మల్లో చేతిని ముడిచి పట్టి ఉంచే గొళ్లెం ఉన్న పక్క ఎప్పుడూ నీడలోనే ఉంటోంది. చలికి బిగుసుకుపోయి ఉంటుందని నాకనిపిస్తోంది. ఉపగ్రహాన్ని తిప్పి కొన్నాళ్లు ఆ పక్కని ఎండకి పెడితే వదులు కావచ్చు. కాకపోవచ్చు కూడా. నీకు నాకంటే బాగా తెలుసు. మీరు తిప్పితే నేను రోజూ చూస్తాను, కేదార్ అన్న ఒప్పుకున్నాడు.

మీటింగ్‌లో చేయి తెరుచుకోలేదన్న మాట కేదార్ అన్న నోట రాకముందే నువ్వే లేచి చెప్పు. నువ్వు మొదలుపెట్టేదాకా ఆయన రిపోర్టు సంచిలోంచి తీయడు. నాకు మాటిచ్చాడు.